తిరిగొచ్చిన పిల్లకు ఊళ్లో ఏముంది?

తెలుగు నేల మీద ‘రెసిడెన్షియల్’ అన్న మాటకు ఒక హోదా ఉంది. 1971లో సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల తెరిచినప్పటి నుంచీ అంతే. తాడికొండలోనో కొడిగెనహళ్లిలోనో పిల్లాడికి సీటొచ్చిందంటే వీధంతా చక్కెర పంచిన ఇళ్లున్నాయి. అదే మాట కెనడాలో ఒక క్రీ తెగ అవ్వ ముందు అంటే ఆవిడ ముఖం వాడిపోతుంది. మనవరాలికి మనసు బాగాలేదు, కొన్ని నెలలు ఒక కేంద్రంలో ఉంచి చికిత్స చేయిస్తే కుదుటపడుతుంది అని డాక్టరు ఎంత నెమ్మదిగా చెప్పినా, ఆవిడ చెవికి చేరేది ఒక్కటే: పిల్లను తీసుకుపోతామంటున్నారు.

ఆ అవ్వది ఉత్త భయమేనా? కెనడా ఆదివాసులు మూడు పెద్ద సమూహాలు. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెటీ. 2021 జనగణన ప్రకారం ముగ్గురూ కలిసి 18 లక్షల పైచిలుకు, దేశ జనాభాలో 5 శాతం. వయసులో మిగతా దేశం కంటే చిన్నవాళ్లు. వీళ్ల సగటు వయసు 33.6 ఏళ్లయితే మిగతావాళ్లది 41.8. అంటే పిల్లలూ యువకులూ ఎక్కువగా ఉన్న జనం. ఆ పిల్లల్లో మనసు చెదిరినవాళ్లను ఇంటికి దూరంగా ఉంచి నయం చెయ్యడం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది అన్నది ఈ కథనం. అంకెలతోనే చెబుతాను. అయితే ఒక్కో అంకె దగ్గరా కాస్త ఆగి, అది ఎవరి ఇంట్లోంచి వచ్చిందో చూసి ముందుకు వెళ్దాం.

1,50,000

పంతొమ్మిదో శతాబ్దంలో మొదలై 1990ల దాకా కెనడా ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో చదివిన ఆదివాసీ పిల్లల సంఖ్య సుమారు లక్షన్నర. ‘చదివిన’ అన్నది చాలా మర్యాదైన మాట. పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే దండించి, సెలవులకు కూడా చాలామందిని ఇంటికి పంపకుండా పెంచిన బడులవి. బాధితులతో కుదిరిన నష్టపరిహార ఒప్పందంలో గుర్తించినవే 139. తిరిగి రాని పిల్లలు నాలుగు వేల మందికి పైగా ఉన్నట్టు రికార్డుల్లోనే తేలింది. 2008 జూన్ 11న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ బడుల చరిత్రను విచారించిన సత్యశోధన, సయోధ్య కమిషన్ 2015లో నివేదిక ముగిస్తూ చెయ్యాల్సిన పనులు 94 అని లెక్క కట్టి ఇచ్చింది.

బడులు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలంలో ఇంకో దారి తెరుచుకుంది. 1950ల చివరి నుంచి 1980ల దాకా శిశు సంక్షేమ అధికారులు వేలాది ఆదివాసీ పిల్లలను తీసుకెళ్లి తెల్లవాళ్ల ఇళ్లకు పెంపకానికి ఇచ్చారు. కెనడాలో దీనికి ‘సిక్స్‌టీస్ స్కూప్’ అని పేరు. స్కూప్ అంటే గరిటెతో తోడుకోవడం. పేరు పెట్టినవాళ్లు ఎవరో గాని, సరిగ్గానే పెట్టారు.

సరే, ఇది పాత కథ అనుకుందాం. 2021 జనగణన మళ్లీ చూడండి. ఆ దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల్లో ఆదివాసులు 7.7 శాతం. ప్రభుత్వ సంరక్షణ కింద పెంపుడు ఇళ్లలో ఉన్న అదే వయసు పిల్లల్లో ఆదివాసులు 53.8 శాతం. వందలో ఎనిమిది మందైనా లేని పిల్లలు, ఇంటికి దూరమైన వందమందిలో మాత్రం యాభై నలుగురు. ఈ రెండంకెల మధ్య దూరమే ఆ అవ్వ ముఖం వాడడానికి కారణం. ఆవిడ గుర్తుచేసుకుంటున్నది తన తల్లి కథ ఒక్కటే అనుకోవద్దు, నిన్న పక్కింట్లో జరిగింది కూడా.

చికిత్స కేంద్రంలో చేరే పిల్ల ఈ చరిత్రనంతా వెంటబెట్టుకునే వస్తుంది. గేటు, వరసగా మంచాలు, భోజనం గంట, అపరిచితుల భాష. మేలు చెయ్యడానికి కట్టిన ఇల్లు కూడా చూడడానికి ఆ బడిలాగే ఉంటుంది.

లక్షకు 24, లక్షకు 72

2019లో కెనడా గణాంక సంస్థ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2011 నుంచి 2016 వరకు ఎవరిలో ఎన్ని ఆత్మహత్యలు జరిగాయన్న లెక్క అది. ఏడాదికి లక్ష మందికి చొప్పున, ఆదివాసులు కానివాళ్లలో 8. మెటీల్లో 14.7. ఫస్ట్ నేషన్స్‌లో 24.3. ఉత్తరాన మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్‌లలో 72.3. మూడు రెట్లు ఒక చోట, తొమ్మిది రెట్లు ఇంకో చోట. యువకుల్లో ఈ తేడా ఇంకా పెద్దది.

పత్రికల్లో ఇలాంటి అంకెలు వచ్చినప్పుడల్లా ఒక ప్రమాదం ఉంది. చదివినవాడు ‘ఆ జాతే అంత’ అని తలపంకించి పేజీ తిప్పేస్తాడు. అందుకే అదే అధ్యయనంలో పెద్దగా పతాక శీర్షికలకు ఎక్కని ఇంకో వాక్యం చెప్పాలి: ఫస్ట్ నేషన్స్ బ్యాండ్లలో 60 శాతానికి పైగా చోట్ల ఆ కాలంలో ఆత్మహత్యల రేటు సున్నా. బ్యాండ్ అంటే మన లెక్కలో ఒక పంచాయతీ లాంటిదనుకోండి, సొంత సభ్యులు, సొంత పెద్దలు ఉన్న సముదాయం.

ఇక్కడ నేనూ మొదట సంబరపడ్డాను. తర్వాత కాగితం పెన్సిలు తీసుకున్నాను. ఈ ఊళ్లలో చాలావాటిలో జనం కొన్ని వందలే. ఐదు వందల మంది ఉన్న ఊరికి లక్షకు 24 చొప్పున లెక్క వేస్తే ఎనిమిదేళ్లకు ఒక మరణం. అలాంటి ఊళ్లో ఐదేళ్లపాటు ఒక్కటీ జరగకపోవడం అదృష్టం వల్ల కూడా కావచ్చు. తిరగేసి చూసినా ఇబ్బందే. నాలుగు వందల మంది ఉన్న ఊళ్లో ఒక్క మరణం జరిగితే ఆ ఏడాది రేటు లక్షకు 250 అవుతుంది. చిన్న ఊళ్ల అంకెలు పిచ్చుకల్లాంటివి, చిన్న చప్పుడుకే ఎగిరిపడతాయి. కాబట్టి సున్నాలను చూసి మురిసిపోవడం కాదు, ఆ సున్నాలు ఎక్కడెక్కడ గుమిగూడాయో చూడాలి. ఆ పని అప్పటికి ఇరవయ్యేళ్ల కిందటే ఇద్దరు చేసి పెట్టారు.

సున్నా నుంచి 137.5

మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లాలోండ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు. కెనడా పడమటి కొసన ఉన్న బ్రిటిష్ కొలంబియాలో సుమారు రెండు వందల ఆదివాసీ బ్యాండ్లున్నాయి. 1987 నుంచి 1992 వరకు అక్కడ జరిగిన యువకుల ఆత్మహత్యలను వాళ్లు ఊరూరికీ విడదీసి చూశారు. ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. సగానికి పైగా ఊళ్లలో యువకుల ఆత్మహత్య ఒక్కటీ లేదు. మొత్తం మరణాల్లో దాదాపు తొంభై శాతం పదో వంతు ఊళ్లలోనే జరిగాయి.

ఇంతవరకు ఎవరైనా చెయ్యగలరు. వాళ్లు వేసిన తర్వాతి అడుగు అసలైనది. ప్రతి ఊరికీ ఆరు ప్రశ్నలు వేశారు. మీ భూమి మీద హక్కు కోసం పోరాడుతున్నారా? మీ పాలన కొంతైనా మీ చేతుల్లో ఉందా? బడి మీదేనా? ఆరోగ్య సేవలు మీ ఆధీనంలో ఉన్నాయా? పోలీసు, అగ్నిమాపక సేవలు మీవేనా? మీ ఆచారాలు, ఉత్సవాలు జరుపుకోవడానికి ఊళ్లో ఒక చోటుందా? ఒక్కో ‘అవును’కు ఒక్కో మార్కు.

ఆరూ ఉన్న ఊళ్లలో ఆ కాలంలో యువకుల ఆత్మహత్యలు సున్నా. ఒక్కటీ లేని ఊళ్లలో లక్షకు 137.5. మధ్యలో మార్కులు పెరిగేకొద్దీ మరణాలు మెట్లు దిగినట్టు దిగాయి.

2007లో వాళ్లే డార్సీ హాలెట్‌తో కలిసి భాషనూ చూశారు. జనంలో కనీసం సగం మందికి సొంత భాషలో మాట్లాడుకునే శక్తి మిగిలి ఉన్న ఊళ్లలో రేటు లక్షకు 13. మిగతా ఊళ్లలో దాదాపు 97.

భాష వస్తే చావు ఆగుతుందా అని వెటకారంగా అడగొచ్చు. అడగాలి కూడా. రెండు విషయాలు కలిసి నడవడం వేరు, ఒకదానివల్ల ఇంకొకటి జరగడం వేరు. సొంత బడి నడపగలిగిన ఊరికి డబ్బు, రోడ్డు, ఉద్యోగాలు కూడా మెరుగ్గా ఉండి ఉండవచ్చు. ఆ పరిశోధకులు చెప్పిన వివరణ మాత్రం ఆలోచించదగ్గది. పదమూడూ పదిహేనేళ్ల వయసులో ప్రతి పిల్లా నిన్నటి నేనూ రేపటి నేనూ ఒక్కరేనా అన్న సందేహంలో పడుతుంది. చాలామందికి ఆ వంతెన ఇల్లూ ఊరూ వేస్తాయి: తాత పేరు, అమ్మమ్మ చెప్పిన కథ, పెద్దయ్యాక చెయ్యబోయే పని. ఊరికే నిన్న లేకుండా చేసి, రేపు తన చేతిలో లేకుండా చేస్తే, ఆ ఊరి పిల్ల ఏ వంతెన మీద నడుస్తుంది?

చికిత్స కేంద్రాల గురించి మాట్లాడుతూ ఇదంతా ఎందుకంటే, ఈ ఆరు ప్రశ్నల్లో ఒక్కటీ ఆ పిల్ల తలలోపల ఏముందని అడగలేదు. ఆరూ ఊరి గురించే. మరి పిల్లను ఊళ్లోంచి తీసి వేరే చోట బాగుచేసి అదే ఊళ్లో దింపితే ఏమవుతుంది? దానికి ఒక పాత అనుభవం ఉంది.

విమానంలో వెళ్లి, విమానంలో వచ్చి

డేవిస్ ఇన్‌లెట్ తూర్పు తీరంలో, లాబ్రడార్‌లో, ఒక ద్వీపం మీది ఊరు. రెయిన్‌డీర్ జాతికి చెందిన క్యారిబూలను వేటాడుతూ తిరిగే ఇన్నూ ప్రజలను (వీళ్లు ఫస్ట్ నేషన్స్‌లో ఒకరు, ఇన్యూట్‌లు వేరు) 1967లో అక్కడ దింపి ఇళ్లు కట్టిస్తామన్నారు. ఎక్కువ ఇళ్లకు నీటి కుళాయి గాని, మురుగు కాలువ గాని రానే లేదు. 1993 జనవరిలో ఆ ఊరి నుంచి ఒక వీడియో బయటికొచ్చింది. చిన్న పిల్లలు పెట్రోలు వాసన పీల్చి మత్తులో, బతకాలని లేదని అరుస్తున్నారు. దేశమంతా టీవీల ముందు నిశ్చేష్టమైంది.

ప్రభుత్వం వెంటనే కదిలింది. పిల్లలను విమానంలో ఎక్కించి దేశానికి అవతలి వైపున్న ఆల్బెర్టాకు, పౌండ్‌మేకర్స్ లాడ్జ్ అనే ఆదివాసీ చికిత్స కేంద్రానికి పంపింది. చెడ్డ కేంద్రం కాదది, ఆదివాసులే నడిపే చోటు. పిల్లలు అక్కడ కొన్ని నెలలున్నారు, తేరుకున్నారు, ఇంటికొచ్చారు. ఇల్లు మాత్రం తేరుకోలేదు. అదే నీళ్లు లేని ఇల్లు, అదే పని లేని తండ్రి, అదే సాయంత్రం. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ అలవాటులోకే జారారు. 2000లో ఇన్నూ పెద్దలే మా పిల్లలను కాపాడండి, తీసుకెళ్లండి అని ప్రభుత్వాన్ని అడగాల్సిన పరిస్థితి వచ్చింది. ఒక సముదాయం తన పిల్లలను తీసుకెళ్లమని అడగడం ఎంత నరకమో ఊహించుకోండి.

చివరికి 15 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో నాటుయాషిష్ అనే కొత్త ఊరు కట్టి 2002, 2003లో అందరినీ అక్కడికి తరలించారు. ఇళ్లు మారినా తాగుడు వెంట వచ్చింది. 2008లో ఊళ్లో మద్యం నిషేధించాలా వద్దా అని జనమే ఓట్లేసుకున్నారు. నిషేధానికి 76, వ్యతిరేకంగా 74. రెండే ఓట్లు. అయినా ఆ నిర్ణయం ఊరిది.

డేవిస్ ఇన్‌లెట్ తర్వాతి ఏళ్లలో కెనడా ఆదివాసీ యువకుల కోసం ప్రత్యేకంగా ఉండి చికిత్స పొందే కేంద్రాలు తెరిచింది, దేశం మొత్తానికి పది దాకా. ఇన్నూల సొంత ఊరైన షెషాట్‌షియులో చార్లెస్ జె. ఆండ్రూ కేంద్రం, థండర్ బేలో కా-నా-చి-హిహ్, సస్కాచువాన్‌లో వైట్ బఫెలో, క్యూబెక్‌లో వాల్గ్వాన్ అలాంటివే. పడకలు కొద్ది. వచ్చేవాళ్లు ఎక్కువగా టీనేజీ పిల్లలు. ఉండేది వారాలు కాదు, నెలలు.

వీటిలో రోజు ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే చికిత్స అనగానే మనకు తెల్లగోడలూ మాత్రలూ గుర్తొస్తాయి. పొద్దున్నే స్మడ్జింగ్ ఉంటుంది. సేజ్ ఆకో, స్వీట్‌గ్రాసో, సెడారో వెలిగించి ఆ పొగను చేతులతో తల మీదికి, గుండె మీదికి తీసుకుంటారు. మన ఇళ్లలో సంధ్యవేళ సాంబ్రాణి వేసినట్టే. చిన్న విషయమే అనిపిస్తుంది గాని, సాధారణ ఆసుపత్రిలోనో గ్రూప్ హోమ్‌లోనో (సిబ్బంది సంరక్షణలో కొందరు పిల్లలు కలిసి ఉండే ఇల్లు) ఇది చెయ్యాలంటే పొగ అలారం మోగుతుంది, అగ్నిమాపక నిబంధన అడ్డొస్తుంది, రాత్రి డ్యూటీ నర్సుకు ఎవరిని అడగాలో తెలియదు. ముందే గది చూపించి, నిబంధన రాసి పెట్టిన చోట పిల్ల అడగాల్సిన పనే లేదు. ఆ తర్వాత బడి, కౌన్సెలింగ్, పెద్దలతో కూచోవడం, అడవిలో శిబిరం, వల వెయ్యడం, చేప కొయ్యడం, డ్రమ్. మానసిక వైద్యులూ ఉంటారు, మందులు అవసరమైన పిల్లలకు మందులూ ఉంటాయి. ఒకటి మానేసి ఇంకొకటి అన్న వాదన ఆ కేంద్రాలను దగ్గరగా చూసినవాళ్లు చెయ్యరు.

సిబ్బందికి నేర్పే విషయాల్లో కొన్ని వింటే తెలుగువాళ్లకు వింత అనిపించవు. పెద్దవాళ్ల కళ్లలోకి చూడకుండా మాట్లాడే పిల్లను ‘స్పందన లేదు’ అని కేస్ షీట్‌లో రాయకండి, అది మర్యాద కావచ్చు. ప్రశ్న అడిగాక వెంటనే జవాబు రాకపోతే మౌనాన్ని భరించండి. ఫారంలో తల్లి, తండ్రి, సంరక్షకుడు అని మూడు గడులే పెట్టకండి. పిల్లను పెంచింది ‘కోకుమ్’ కావచ్చు, అంటే క్రీ భాషలో అమ్మమ్మో నానమ్మో. మేనత్త కావచ్చు. పరిశుభ్రత పేరు చెప్పి అడగకుండా జడ కత్తిరించకండి, ఆ కత్తెర చప్పుడుకు ఆ ఇంట్లో మూడు తరాల అర్థం ఉంది.

12లో 8

మంచి కేంద్రం గురించి చెప్పి ఊరుకుంటే కథనం అబద్ధమవుతుంది. ఇంటికి దూరంగా ఉంచే చోట్లలో ఎక్కువ భాగం ఇలాంటివి కావు. చాలామంది పిల్లలు ఉండేది మామూలు గ్రూప్ హోమ్‌లలో, పెంపుడు ఇళ్లలో, ఖాళీ ఎక్కడుంటే అక్కడ.

2014 జనవరి నుంచి 2017 జూలై వరకు ఒంటారియోలో అలా ప్రభుత్వ సంరక్షణ ఏర్పాట్లలో ఉంటూ చనిపోయిన 12 మంది యువతీయువకుల కథలను ఆ రాష్ట్ర ముఖ్య కరోనర్ నియమించిన నిపుణుల బృందం పరిశీలించింది. కరోనర్ అంటే అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి. 2018లో నివేదిక వచ్చింది. 12 మందిలో 8 మంది ఆదివాసులు. మానసిక సమస్యలున్నాయని తెలిసిన పిల్లలే. ఒక చోట నుంచి ఇంకో చోటికి మారుతూ వచ్చినవాళ్లే. వ్యవస్థ వీళ్లకు రక్షణగా నిలవలేదని ఆ బృందం మొహమాటం లేకుండా రాసింది.

అంతకు రెండేళ్ల ముందు థండర్ బే నగరంలో ఇంకో విచారణ ముగిసింది. 2000 నుంచి 2011 మధ్య అక్కడ ఏడుగురు ఫస్ట్ నేషన్స్ విద్యార్థులు చనిపోయారు. మానసిక చికిత్స కోసం రాలేదు వాళ్లు. వాళ్ల ఊళ్లలో హైస్కూలు లేదు, అంతే. పద్నాలుగూ పదిహేనేళ్లకు విమానం దిగి, ముక్కూమొహం తెలియని ఇంట్లో ఉండి చదువుకోవాల్సి వచ్చింది. జ్యూరీ 145 సిఫార్సులు చేసింది. టాన్యా తలాగా అనే విలేకరి ఈ ఏడుగురి మీద 2017లో ఒక పుస్తకం రాశారు. కెనడాలో చాలామంది చదివిన పుస్తకం అది.

3,76,706

నా మటుకు నాకు ఈ కథనంలో అన్నిటికంటే బరువైన అంకె ఇదే.

ఒంటారియో ఉత్తరాన వాపెకెకా అనే ఊరు. జనం నాలుగు వందల పైచిలుకు. 2016 జూలైలో ఆ ఊరి పెద్దలు కెనడా ఆరోగ్య శాఖకు ఒక అర్జీ పంపారు. మా పిల్లల్లో కొందరు చనిపోదామని మాట్లాడుకుంటున్నట్టు తెలిసింది, ఊళ్లోనే మానసిక ఆరోగ్య కార్యకర్తలను పెట్టుకుంటాం, 3,76,706 డాలర్లు కావాలి. అప్పటి మారకంలో మన డబ్బు రెండు కోట్ల రూపాయల కన్నా తక్కువ. డబ్బు రాలేదు. 2017 జనవరిలో పన్నెండేళ్ల అమ్మాయిలు ఇద్దరు, కొద్ది రోజుల తేడాతో, ప్రాణం తీసుకున్నారు. అర్జీ బడ్జెట్ ఏడాదిలో ఇబ్బందికరమైన సమయంలో వచ్చిందని శాఖ చెప్పుకుంది. కెనడా మానవ హక్కుల ట్రైబ్యునల్ ఆ ఏడాది మే నెలలో ఇచ్చిన ఆదేశంలో ఈ ఊరి సంగతిని గట్టిగానే ప్రస్తావించింది.

అర్జీలో ఆ పెద్దలు అడిగింది పడకలు కాదని గమనించండి. పిల్లలను పంపడానికి విమానం టికెట్లు కూడా కాదు. ఊళ్లో ఉండే మనుషులను అడిగారు.

ఎవరు డబ్బివ్వాలన్న తగవులో పిల్లలు ఆసుపత్రిలోనే ఉండిపోవడం ఆ దేశంలో కొత్త కాదు. జోర్డన్ రివర్ ఆండర్సన్ మనిటోబాలోని నార్వే హౌస్ క్రీ నేషన్ పిల్లాడు. పుట్టుకతోనే జబ్బులు. రెండేళ్ల వయసుకు ఇంటి వాతావరణంలో ఉండొచ్చని డాక్టర్లు చెప్పారు. ఆ సంరక్షణ ఖర్చు కేంద్రానిదా రాష్ట్రానిదా అని రెండు ప్రభుత్వాలు రెండేళ్లకు పైగా వాదించుకున్నాయి. 2005లో అయిదేళ్ల వయసులో, ఒక్క రాత్రి కూడా ఇంట్లో పడుకోకుండా, ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. ముందు పిల్లకు సేవ అందించండి, బిల్లు సంగతి తర్వాత తేల్చుకోండి అన్న ‘జోర్డన్ సూత్రం’ ఆ పేరు మీదే వచ్చింది. 2007 డిసెంబరులో పార్లమెంటు దిగువ సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. అమలు కావడంలేదని ఎనిమిదేళ్ల తర్వాత, 2016లో, ట్రైబ్యునల్ తేల్చి చెప్పాల్సి వచ్చింది. పిల్లల సేవల్లో జరిగిన ఈ వివక్షకు పరిహారంగా 2023లో కోర్టు ఆమోదించిన మొత్తం 2,300 కోట్ల డాలర్ల పైమాటే. 3,76,706ను దాని పక్కన పెట్టి చూసుకోండి.

దేన్ని లెక్కపెట్టాలి

ఏ చికిత్స కేంద్రం వార్షిక నివేదికైనా తీయండి. పడకలెన్ని, ఎంతమంది చేరారు, ఎంతమంది కోర్సు పూర్తిచేశారు అని ఉంటుంది. డేవిస్ ఇన్‌లెట్ పిల్లలు కూడా కోర్సు పూర్తిచేశారు.

ఈ అసంతృప్తితోనే ఆదివాసీ సంస్థలు తమ కొలబద్ద తామే తయారు చేసుకున్నాయి. 2015లో వచ్చిన ఫస్ట్ నేషన్స్ మానసిక స్వస్థత చట్రం నాలుగు మాటల మీద నిలబడింది: ఆత్మకు ఆశ, హృదయానికి ‘నావాళ్లు’ అన్న భావం, మనసుకు అర్థం, శరీరానికి ఒక పని. అదే కాలంలో థండర్‌బర్డ్ పార్ట్‌నర్‌షిప్ ఫౌండేషన్ పూనికతో వచ్చిన ‘నేటివ్ వెల్‌నెస్ అసెస్‌మెంట్’ అనే ప్రశ్నావళిని చికిత్స పొందే మనిషి ఒకసారి, అతన్ని దగ్గరగా చూసేవాళ్లు ఒకసారి నింపుతారు. అందులో రోగ లక్షణాల పట్టిక ఉండదు. ఈ మనిషికి ఏ బలాలున్నాయి, అవి పెరుగుతున్నాయా అని ఉంటుంది. చేరినప్పుడూ వెళ్లేటప్పుడూ పోల్చి చూస్తారు. దిగులు తగ్గిందా అని కొలిచే మామూలు ప్రశ్నావళులూ ఉండాల్సిందే. అయితే దిగులు తగ్గడం ఒకటి, పొద్దున లేవడానికి కారణం దొరకడం ఇంకొకటి.

నన్నడిగితే ప్రతి కేంద్రం గోడ మీదా వేరే నాలుగు అంకెలు రాయిస్తాను. పిల్ల ఊరికీ కేంద్రానికీ ఎన్ని కిలోమీటర్లు? ఉన్నన్నాళ్లలో ఇంటివాళ్లు ఎన్నిసార్లు వచ్చి చూశారు, టికెట్ ఎవరు కొన్నారు? సిబ్బందిలో ఆ భాష వచ్చినవాళ్లు ఎందరు? ఇంటికెళ్లిన మొదటి ముప్పై రోజుల్లో ఎవరు ఎన్నిసార్లు పలకరించారు? చివరిది అన్నిటికంటే ముఖ్యం. మానసిక చికిత్స ముగించుకుని బయటికొచ్చిన తొలివారాలు ఏ దేశంలోనైనా అపాయకరమైన రోజులే. అప్పుడే ఫైలు మూసేస్తారు.

చట్టం కొంత కదిలింది. ఆదివాసీ సముదాయాలే తమ పిల్లల సంక్షేమ చట్టాలు చేసుకునే హక్కును గుర్తించిన చట్టం 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చాండ్లర్, లాలోండ్‌ల ఆరు ప్రశ్నలకు ఏడోది చేర్చినట్టయింది: మీ పిల్లల గురించి నిర్ణయం మీదేనా?

మన దగ్గర

కెనడా కథను యథాతథంగా మన మీద అతికించలేం. మన ఆశ్రమ పాఠశాలలు, గిరిజన గురుకులాలు పిల్లలను కుటుంబం నుంచి తెంపాలని పెట్టినవి కావు. తల్లిదండ్రులే క్యూలో నిలబడి చేర్పిస్తారు. కానీ రాత్రి మంచం మీద ఒంటరిగా పడుకున్న పదేళ్ల కోయ పిల్లకు, సవర పిల్లాడికి ఆ తేడా ఎంతవరకు తెలుస్తుంది? హాస్టల్లో జ్వరమొస్తే చూడడానికి కొన్నిచోట్ల ఏఎన్ఎం ఉంటారు. దిగులొస్తే కోయలోనో గోండీలోనో అడిగేవాళ్లు ఎవరు? 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం 8 ఆదివాసీ భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. మాతృభాష చదువుకు మేలు అన్న ఉద్దేశంతో పెట్టారు. అది మనసుకూ కాపలా కావచ్చని బ్రిటిష్ కొలంబియా అంకెలు చెబుతున్నాయి.

ఒక్క విషయంలో మన చట్టం కెనడా అనుభవం కంటే ముందుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 87వ సెక్షన్ ప్రకారం మైనర్‌ను మానసిక చికిత్సాలయంలో చేర్చితే, నామినేట్ అయిన ప్రతినిధో వాళ్లు పెట్టిన సహాయకులో ఆ పిల్లతోపాటు ఉన్నన్నాళ్లూ అక్కడే ఉండాలి. తల్లో, అమ్మమ్మో పక్క మంచం మీద పడుకోవాలన్నమాట. పెద్దలకు కేటాయించిన వార్డులో పిల్లలను ఉంచకూడదు కూడా. పాడేరు నుంచో ఉట్నూరు నుంచో వచ్చిన తల్లి కూలి పోగొట్టుకుని నగరంలో వారాల తరబడి ఉండాలంటే తిండికీ బస్సుకీ డబ్బెవరిస్తారన్నది సెక్షన్‌లో లేదు. వాపెకెకా అర్జీలాగా, ఈ ఖర్చూ పెద్దదేం కాదు.

కెనడాలో గ్రూప్ హోమ్‌లలో, చికిత్స కేంద్రాలలో నైట్ షిఫ్టులు చేస్తున్న తెలుగు పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. డ్యూటీలో ఉన్న రాత్రి ఒక ఆదివాసీ పిల్ల ‘ఇంటికి ఫోన్ చేసుకోవాలి’ అని అడిగితే, ఫోన్ వేళలు అయిపోయాయని చెప్పే ముందు సూపర్‌వైజర్‌ని ఒకసారి అడిగి చూడండి. ఇంటికి దూరమైన రాత్రి ఎలా ఉంటుందో మీకూ తెలుసు.

ఈ కథనం చదువుతూ మీకో, మీ ఇంట్లో ఎవరికో భారంగా అనిపిస్తే, మన దేశంలో టెలీ మానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కెనడాలో ఎవరికైనా 988. ఆదివాసుల కోసం ప్రత్యేకంగా హోప్ ఫర్ వెల్‌నెస్ 1-855-242-3310. అక్కడ ఇంగ్లిషు, ఫ్రెంచితోపాటు అడిగితే క్రీ, ఓజిబ్వే, ఇనుక్టిటుట్ భాషల్లోనూ మాట్లాడే ఏర్పాటుంది.